నడుం నొప్పికి సదరం పర్సంటేజీ: అపోహలు - వాస్తవాలు

వైకల్యం ఎంత శాతమో పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు రోజు కోనసీమలో ఏ ప్రభుత్వాసుపత్రి వరండాలో చూసినా ప్రతివాళ్ళ చంకలో ఎమ్మారై కవరు ఉంటుంది. దింపు తీస్తూ కొబ్బరిచెట్టు మీంచి పడినవాళ్ళు, ఏళ్ళ తరబడి ఊడ్పుల్లో వంగి నడుం పోగొట్టుకున్నవాళ్ళు, అందరిదీ ఒకటే ధీమా: "డిస్క్ జారిందని రాశారండి, పర్సంటేజీ ఎందుకు రాదు?"

అపోహ: ఎమ్మారైలో ఉంటే చాలు.

చాలదండి. క్యాంపులో పరీక్షించే మెడికల్ బోర్డు ఫిల్ముకి పర్సంటేజీ ఇవ్వదు, ఉత్త నొప్పికీ ఇవ్వదు. ఏ నొప్పీ లేని వాళ్ళకి తీసినా చాలామందిలో డిస్క్ బల్జ్, అంటే డిస్క్ కాస్త ఉబ్బడం, కనబడుతూనే ఉంటుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో దీర్ఘకాలిక నొప్పి లేదు. నడుం, తుంటి, మోకాలు కేసులన్నీ చలన వైకల్యం కిందే చూస్తారు. కీలు ఎన్ని డిగ్రీలు వంగుతోందో గోనియోమీటరు పెట్టి కొలుస్తారు. కండరం బలానికి సున్నా నుంచి ఐదు దాకా గ్రేడు వేస్తారు. ఒక కాలు పొట్టిదైందా, ఒంటికాలి మీద నిలబడగలరా అని చూస్తారు. నొప్పి వల్ల కీలు బిగుసుకుపోయినా, నరం నొక్కుకుని పాదం బలం తగ్గినా అది లెక్కలోకి వస్తుంది.

అందుకని డాక్టరు దగ్గర "భరించలేకపోతున్నానండీ" అని ఆపెయ్యకండి. నడుస్తుంటే చెప్పు తెలియకుండా జారిపోతోందా? మడమల మీద నిలబడితే ముందుపాదం పైకి లేవట్లేదా? బాసింపట్టు వేసుకోలేకపోతున్నారా? అవి చెప్పండి. మూత్రం పట్టు కొత్తగా తప్పుతుంటే మాత్రం సర్టిఫికెట్ సంగతి తర్వాత, ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. ఆపరేషన్ కాగితాలు, డిశ్చార్జి సమ్మరీ, నరాల పరీక్ష రిపోర్టు, ఫిజియోథెరపీ చీటీలు తేదీల వరసలో పెట్టుకోండి. ఎమ్మారై వాటికి తోడు.

రెండో బాధ దాచుకోవడం వల్ల చాలామంది నష్టపోతున్నారు. పెన్షన్‌కి కనీసం 40 శాతం ఉండాలి కదా, నడుముకి 30, భుజానికి 20 వచ్చాయనుకోండి, కలిపితే 50 కాదు. పెద్ద అంకెకి చిన్నదాన్ని సూత్రం ప్రకారం కలుపుతారు: 30 + 20 × (90 − 30) ÷ 90, అంటే సుమారు 43. గీత దాటారు. భుజం మాట ఎత్తకపోతే 30 దగ్గరే ఆగిపోయేవారు.

రుమటాయిడ్, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ లాంటి కీళ్ళవాతం జబ్బుల్లో కీళ్ళు బిగుస్తాయి కాబట్టి కొలతకి అందుతాయి. ఫైబ్రోమయాల్జియాలో ఒళ్ళంతా నొప్పే, కానీ కీళ్ళు తిరుగుతాయి, బలమూ ఉంటుంది. చాలాసార్లు ఏమీ రాదు. అంతమాత్రాన మీరు అబద్ధమాడారని కాదు. ఆ నొప్పిని కొలిచే పద్ధతి ఈ లెక్కలో లేదు, అంతే.

అపోహ: కుంటుతూ వెళ్తే పెరుగుతుంది.

టేపుతో రెండు పిక్కలూ కొలిస్తే తేలిపోతుంది. నిజంగా వాడని కాలి కండ కరిగి ఉంటుంది. దళారీకి డబ్బులిచ్చి తెచ్చుకునే సర్టిఫికెట్ అయితే ఇంకా ప్రమాదం. మోసం చేసి ప్రయోజనం పొందితే ఆ 2016 చట్టమే రెండేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా అంటోంది.

అపోహ: సర్టిఫికెట్ వస్తే పెన్షన్ వచ్చినట్టే.

కాదు. ఆంధ్రప్రదేశ్‌లో దివ్యాంగుల పెన్షన్ 2024 జూలై నుంచి నెలకు రూ.6,000. దానికి సచివాలయంలో వేరే దరఖాస్తు పెట్టాలి. అక్కడ ఇంటి వివరాలన్నీ చూస్తారు: మాగాణి మూడెకరాలు దాటిందా, కరెంటు నెలకు 300 యూనిట్లు దాటుతోందా, ఆదాయపు పన్ను కట్టేవాళ్ళున్నారా, ఎవరైనా ప్రభుత్వోద్యోగా. వేరే కాపురం పెట్టిన కొడుకు ఉద్యోగమో పన్నో ఉన్నవాడై, అతని పేరు ఇంకా మీ ఇంటి మ్యాపింగ్‌లోనే, అంటే సచివాలయం రికార్డులో మీ ఇంటి మనుషుల జాబితాలోనే ఉంటే అక్కడే ఆగిపోతుంది. ముందు అది సరిచేయించుకోండి.

దివ్యాంగులకిచ్చే గుర్తింపు కార్డు, యూడీఐడీ, తెల్లగా ఉంటే 40 శాతం లోపు, పసుపు అయితే 40 నుంచి 80 లోపు, నీలం అయితే 80, ఆపైన.

తక్కువ వేశారనిపిస్తే "ఇంక మన రాత ఇంతే" అని ఇంటికి పోవద్దు. నిర్ణయం వచ్చిన 90 రోజుల్లోగా అప్పీలు చేసుకోవచ్చు. ఆ అర్జీలో బాధలన్నీ ఏకరువు పెట్టకండి. ఏ కీలు కొలవలేదో, ఏ రిపోర్టు చూడలేదో రాసి, దాని నకలు జతచేసి, అందినట్టు రసీదు తీసుకోండి.