మన సంఘాల్లో రంగు, కులం: అపోహలు - వాస్తవాలు

చీపురుపల్లి, రాజాం వైపు పల్లెల్లో ఇరవై ఏళ్లుగా పాస్టర్‌గా ఉన్నాను. ఆరాధన అయ్యాక అరుగుల మీద మన విశ్వాసులు ఎంతో నమ్మకంగా చెప్పుకునే కొన్ని మాటలు నన్ను బాధపెడతాయి. వాటి గురించే రాస్తున్నాను.

అపోహ: నల్లవాళ్లు నోవహు కొడుకు హాము సంతానం, వాళ్లమీద నోవహు శాపం ఉంది.

ఆదికాండము 9వ అధ్యాయం తెరిచి నిదానంగా చదవండి. నోవహు శపించింది హామును కాదు, హాము కొడుకు కనానును. ఒంటి రంగు ఊసే అక్కడ లేదు. అమెరికాలో మనుషుల్ని కొని అమ్మినవాళ్లు ఈ అధ్యాయాన్ని అడ్డం పెట్టుకున్నారు. ఆ అబద్ధం సముద్రాలు దాటి మన యువకుల నోటిదాకా వచ్చింది. సంఖ్యాకాండము 12 కూడా చదవండి. మోషే కూషు దేశపు స్త్రీని పెళ్లి చేసుకున్నాడని అతని అక్క మిర్యాము, అన్న అహరోను అతనికి విరోధంగా మాట్లాడారు. కూషు అంటే ఐగుప్తుకు (ఈజిప్టుకు) దక్షిణాన ఉన్న నల్లవారి దేశం. దేవుని కోపం రగిలింది ఆ స్త్రీ మీద కాదు, మాట్లాడినవాళ్ల మీద. అయినా పెళ్లి సంబంధం అనగానే "పిల్ల రంగెలా ఉంటుందండీ పాస్టరు గారూ?" అన్నదే మొదటి ప్రశ్న.

అపోహ: జాతి వివక్ష అమెరికా గొడవ, మనకేం సంబంధం?

అమెరికాలో నల్లవారి హక్కుల కోసం పోరాడిన పాస్టర్ మార్టిన్ లూథర్ కింగ్ 1959లో మన దేశం వచ్చారు. కేరళలో ఒక స్కూల్లో ఆయన్ని అమెరికా నుంచి వచ్చిన అంటరానివాడని పరిచయం చేశారు. మొదట నొచ్చుకున్నానని, ఆలోచిస్తే అది నిజమే అనిపించిందని ఆయనే 1965లో తన ప్రసంగంలో చెప్పారు. ఆ పోలిక ఆయనకు అర్థమైంది, మనకే ఇంకా కాలేదు.

అపోహ: బాప్తిస్మంతో కులం పోతుంది.

పోయేది కాగితం మీదే. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాను హిందువులకే ఇచ్చింది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవారు మన రాష్ట్రంలో బీసీ-సి (వెనుకబడిన తరగతుల్లో సి గ్రూపు), రిజర్వేషన్ ఒక్క శాతం. ఎస్టీలకు ఈ మత నిబంధన లేదు, మందస కొండల్లో సవరలు క్రైస్తవులైనా ఎస్టీలే. ఊళ్లో మాత్రం మనవాళ్లను పాత కులం పేరుతోనే పిలుస్తారు. అంతకన్నా బాధ, సంఘం లోపల మనమూ ఇంటిపేరు చూసి వియ్యం వెతకడం.

అపోహ: వివక్ష గురించి మాట్లాడితే సంఘం చీలుతుంది, ప్రార్థన చేస్తే చాలు.

ప్రార్థన లేకుండా నేను ఒక్కరోజూ నిలబడలేను. కానీ అపొస్తలుల కార్యములు 6 చూడండి. రోజువారీ పంపకంలో మా విధవరాండ్రకు అందడం లేదని గ్రీకు భాష మాట్లాడే విశ్వాసులు సణిగారు. సణగొద్దని అపొస్తలులు గద్దించలేదు. ఏడుగురిని ఏర్పరచి పని అప్పగించారు. ఆ ఏడుగురివీ గ్రీకు పేర్లే.

ఇది తెలిసీ నేను తప్పు చేశాను. ఒక క్రిస్మస్‌కి బియ్యం పంచాం. "బాబూ, మా వీధికొచ్చేసరికి ఏటేటా బస్తా అడుగే మిగులుతోంది" అంది ఒక ముసలమ్మ. "ప్రార్థన చేద్దాం అమ్మా" అని పంపేశాను. మరుసటి ఏడు ఆమె రాలేదు. వాళ్లింటికి వెళ్లి క్షమించమని అడిగాను. అప్పటినుంచి ఆ వీధి ఆడవాళ్లిద్దరు పేర్లు రాస్తున్నారు, కొలతా వాళ్లదే.