పాటన్ గల్లీల్లో నడక: అపోహలు (కొన్ని మేం పుట్టించినవే), వాస్తవాలు

ఖాట్మండు వచ్చే తెలుగువాళ్లకి పశుపతినాథ్ దర్శనం అయ్యాక ఒక పూట ఖాళీ దొరికితే, బాగ్మతి నది దాటించి పాటన్ అనే పాత ఊళ్లో నడిపిస్తుంటాం. ఈ ఖాట్మండు లోయలో తరతరాలుగా ఉంటున్న నేవార్ల గైడ్ చెప్పేది తెలుగులో చెప్పడం నా పని. రోజూ వినే మాటలు కొన్ని రాస్తున్నా.

అపోహ: దర్బార్ స్క్వేర్ (పాత రాజభవనం ముందున్న చౌక్) చూస్తే పాటన్ అయిపోయినట్టే.
1637లో సిద్ధినరసింహ మల్ల కట్టించిన కృష్ణ మందిరం అక్కడే ఉంది, దాని రాళ్ల మీద చెక్కిన రామాయణ, భారత కథల్ని గుర్తుపడుతూ మనవాళ్లు అరగంట కదలరు, అది మంచిదే. కానీ అసలు ఊరు వెనక గల్లీల్లో ఉంది. తల వంచితే తప్ప పట్టని గుమ్మం దాటితే బహాల్, అంటే నలువైపులా ఇళ్లు, నడుమ చైత్యం (చిన్న స్తూపం), దాని పక్కనే చాప మీద ఎండుతున్న ధాన్యం, గోడకి ఎవరిదో స్కూటర్. ఇది బౌద్ధ విహారమే అంటే ఎవరూ నమ్మరు, "మరి భిక్షువులేరీ?" అంటారు. ఆ స్కూటర్ వాళ్లలో ఒకరిదే కావచ్చు! శాక్య, వజ్రాచార్య కుటుంబాల మగపిల్లలు చిన్నప్పుడు గుండు చేయించుకుని నాలుగు రోజులు భిక్షువులుగా ఉండి, తర్వాత మళ్లీ సంసారంలోకి వచ్చేస్తారు, విహారంలో సభ్యత్వం మాత్రం జీవితాంతం ఉంటుంది. అందుకే అక్కడ గొంతు తగ్గించి మాట్లాడమంటాం, ఒకరి వాకిట్లో నిలబడ్డాం కదా.

అపోహ: వీళ్లు హిందువులో బౌద్ధులో, ఏదో ఒకటే అయ్యుండాలి.
రథయాత్రలో కదిలే ఎర్రని దేవుడు హిందువులకి మత్స్యేంద్రనాథుడు, బౌద్ధులకి కరుణామయుడు. రథం ఒకటే, తాడూ ఒకటే.

అపోహ: మంగా హితి పాడుబడిన కోనేరు.
క్రీ.శ. 570 నాటిదని చెప్పే నీటి ధార అది. మెట్లు దిగితే మొసలి నోళ్ల లాంటి మూడు రాతి తూముల్లోంచి నీళ్లు పడుతుంటాయి, ఇప్పటికీ క్యాన్లు పట్టుకుని వస్తారు. లోయలో ఇలాంటివి చాలా ఎండిపోయాయి, పాత కాలువలు తెగి, చుట్టూ పునాదులూ బోర్లూ దిగాక నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి?

అపోహ: చైనాకి పగోడా (అంతస్తులుగా లేచే గోపురం) నేర్పింది ఇక్కడి శిల్పి అరణికోనే.
ఈ తప్పు నాది. రెండేళ్లు గొప్పగా చెప్పాను, చివరికి ఒక రిటైర్డ్ మాస్టారు "ఆయన కట్టింది స్తూపం కదండీ?" అనేదాకా. నిజమే. 13వ శతాబ్దంలో మంగోల్ చక్రవర్తి కుబ్లాయ్ ఖాన్ కొలువుకి వెళ్లిన అరణికో పేరు నిలబెట్టింది బీజింగ్‌లోని తెల్ల స్తూపం. చైనాలో 523లో కట్టిన ఇటుక పగోడా ఇప్పటికీ ఉంది. ఆయన గొప్పతనానికి స్తూపం చాలదా, మనం కలపాలా?

అపోహ: 2015 భూకంపంలో అంతా పోయింది, ఇప్పుడున్నది కొత్త సరుకు.
దర్బార్ స్క్వేర్‌లోని చార్ నారాయణ, హరిశంకర ఆలయాలు కూలాయి. శిథిలాల్లో ఏరిన చెక్క ముక్కల్నే వాడి మళ్లీ నిలబెట్టారు. దగ్గరికెళ్లి స్తంభాలు చూడండి, నల్లబడిన పాత చెక్కడం పక్కన లేతరంగు అతుకు కనిపిస్తే అదే కొత్తది.

ఇక తిండి. చటామరిని 'నేవారీ పిజ్జా' అని బోర్డులు పెడతారు, అది బియ్యప్పిండి అట్టు. ఈ ఒక్కటీ మనవాళ్లకి చెప్పక్కర్లేదు, పెనం చూడగానే ఉల్లిపాయ వేస్తారా అని అడుగుతారు.