కాన్యులా ఒకటే, ఆసుపత్రికో లెక్క

విశాఖలో రోగి ఆసుపత్రి మారడం మామూలే. డబ్బు చాలకో, నయం కాకో, ప్రైవేటు నుంచి ప్రభుత్వ ఆసుపత్రి కేజీహెచ్‌కు, అక్కడి నుంచి ఇంకో చోటికి తిరుగుతూనే ఉంటారు. మా పెద్దమ్మకూ అదే అయింది. మొదటి ఆసుపత్రిలో సెలైన్, మందులు ఎక్కించడానికి చేతి నరంలోకి పెట్టిన సన్నని గొట్టాన్ని, అంటే కాన్యులాను, మూడు రోజులకోసారి పీకి కొత్తది గుచ్చేవారు. ఆమె చేతులు కమిలిపోయాయి. రెండో చోట సిస్టర్ ప్లాస్టర్ మీద పెన్నుతో రాసిన తేదీ చూసింది, చుట్టూ వేలితో మెల్లగా నొక్కింది. "నొప్పి లేదు, వాపు లేదు. ఉండనిద్దామమ్మా" అంది.

ఆ సిస్టర్ మాటకు ఆధారం ఉంది. ఆస్ట్రేలియాలో మూడు ఆసుపత్రులు కలిసి 3,283 మంది రోగులను పరిశీలించి 2012లో ఫలితాలు ప్రచురించాయి. గడువు పెట్టుకుని మార్చినా, రోజూ చూసుకుంటూ అవసరమైనప్పుడే మార్చినా, రెండు పద్ధతుల్లోనూ నరం వాచినవాళ్లు 7 శాతమే. ఒక్క ఆసుపత్రి ఇంతమందిని పోగు చేయడం కష్టం.

ఆసుపత్రులు కలిసి ఒకే లెక్క రాసుకోవాలన్న ఆలోచన పాతదే. మన నర్సింగ్ కాలేజీల్లో దీపాలు వెలిగించి తలుచుకునే ఫ్లోరెన్స్ నైటింగేల్, ఆసుపత్రులన్నీ ఒకే రకం ఫారాల్లో రోగాలు, మరణాలు నమోదు చేయాలని 1860లోనే లండన్‌లో జరిగిన అంతర్జాతీయ గణాంక మహాసభ ముందు పెట్టారు. ఆమె దీపం అందరికీ గుర్తుంది, ఆ ఫారాలు గుర్తులేవు. నాకు బాధ కలిగించేది అదే.

అమెరికాలోని మిచిగన్‌లో 2003లో మొదలైన ప్రయత్నం ఇంకా గట్టిది. రోగుల కోసం ఒకదానితో ఒకటి పోటీపడే ఆసుపత్రులు కూడా వందకు పైగా ఐసీయూలతో చేయి కలిపాయి. సెంట్రల్ లైన్ (గుండె దగ్గరి పెద్ద సిరలోకి చేరే గొట్టం) వేసేటప్పుడు చేతులు కడగడం, రోగిని పూర్తిగా కప్పడం, క్రిములను చంపే క్లోర్‌హెక్సిడిన్‌తో చర్మం తుడవడం, తొడ దగ్గర వీలైనంత వరకు వేయకపోవడం, అక్కర్లేని లైన్ తీసేయడం: ఈ ఐదే నియమాలు. డాక్టర్ ఒకటి మరిచిపోతే ఆపే హక్కు నర్సుకు ఇచ్చారు. 1,000 కేథటర్ రోజులకు (ఒక రోగికి ఆ గొట్టం ఒక రోజు ఉంటే ఒక కేథటర్ రోజు) 2.7గా ఉన్న ఇన్ఫెక్షన్ల మధ్యస్థ రేటు మూడు నెలల్లోనే సున్నాకు దిగింది.

మనకూ దారి కొత్త కాదు. క్యాన్సర్ వైద్యంలో ఆసుపత్రులను ఒక్క తాటి మీదకు తెచ్చే నేషనల్ క్యాన్సర్ గ్రిడ్ 2012లోనే మొదలైంది. ఆ గ్రిడ్‌ను నడిపించే టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మన విశాఖ దగ్గర అగనంపూడిలోనే ఉంది. వార్డు నర్సింగ్‌కూ అలాంటి పొత్తు కావాలి. కేజీహెచ్, మరో ప్రభుత్వ ఆసుపత్రి విమ్స్, ప్రైవేటు ఆసుపత్రుల నర్సింగ్ సూపరింటెండెంట్లు నెలకోసారి ఒక టేబుల్ దగ్గర కూర్చుని, ఎన్ని కాన్యులాలు వాచాయి, ఎంతమందికి బెడ్‌సోర్లు (మంచం పట్టినవాళ్లకు వచ్చే పుండ్లు) వచ్చాయి అని ఒకే ఫారంలో రాసుకుంటే మొదలైనట్టే.