లాస్‌లెస్ పాట ఇంటి కంప్యూటర్‌లో ఎందుకు మొరాయిస్తుంది: 40 ఏళ్ల నేపథ్యం

తిరుపతిలో పాటలు దాచుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. తిరుమల తిరుపతి దేవస్థానం 1978లో అన్నమాచార్య ప్రాజెక్టును మొదలుపెట్టింది. ఆ తర్వాత వచ్చింది క్యాసెట్ల కాలం. దుకాణంలో కొన్న క్యాసెట్లు ఒక ఎత్తు. కచేరీల్లో, ఇంటి భజనల్లో, ఆకాశవాణి ప్రసారాల నుంచి సొంత టేప్‌రికార్డర్‌తో పట్టుకున్నవి ఇంకో ఎత్తు. మొదటి రకం పాడైపోయినా ఎక్కడో ఒకచోట మళ్లీ దొరుకుతుంది. రెండో రకానికి ఇంకో ప్రతి ఉండదు. అందుకే వాటిని కంప్యూటర్‌లోకి ఎక్కించేవాళ్లు ఇప్పుడు ఎంపీత్రీ వద్దంటున్నారు, శబ్దంలో ఏదీ పారేయకుండా (లాస్‌లెస్‌గా) దాచే ఫ్లాక్ రూపంలోనే కావాలంటున్నారు. సరైన కోరికే.

ఆ వెంటే ఫిర్యాదులూ వస్తున్నాయి. "టకటకమని చప్పుడొస్తా ఉంది సామీ." "పాట పేరు పోయి ప్రశ్నార్థకాలు వస్తా ఉండాయి." "తంబురా వినపడతానే లేదు." సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ వేస్తారు, ప్లేయర్ మారుస్తారు, చివరికి ఫ్లాకే పనికిరాదని ఎంపీత్రీకి వెళ్లిపోతారు. ఒకే ఒక్క ప్రతి ఉన్న పాటను అలా శాశ్వతంగా తగ్గించుకోవడం చూస్తే బాధగా ఉంటుంది. ఎందుకంటే ఈ ఫిర్యాదుల్లో ఫ్లాక్ వల్ల వచ్చింది దాదాపు ఏదీ లేదు. ఒక్కో చిక్కు వెనక ఒక్కో కాలంలో, వేరే ఏదో అవసరానికి తీసుకున్న నిర్ణయం ఉంది. అది తెలిస్తే ఎక్కడ వెతకాలో తెలుస్తుంది.

మొదటిది 44,100 అనే అంకె. సీడీకి సంబంధించిన రెడ్ బుక్ ప్రమాణాన్ని ఫిలిప్స్, సోనీ 1980లో ఖరారు చేశాయి. సీడీలు 1982లో బజారుకొచ్చాయి. సెకనుకు 44,100 శాంపిళ్లు (శబ్దానికి తీసే కొలతలు), ఒక్కో శాంపిల్‌కు 16 బిట్లు, రెండు ఛానెళ్లు. ఈ అంకె వీడియో టేపు నుంచి వచ్చింది. అప్పట్లో డిజిటల్ ఆడియోను నిలవ చేయడానికి అందుబాటులో ఉన్నది వీడియో రికార్డరే. అమెరికా, జపాన్ పద్ధతిలో ఒక్కో ఫీల్డ్‌కు (టీవీ బొమ్మలో సగానికి) వాడుకోగల 245 గీతలు, సెకనుకు 60 ఫీల్డ్‌లు, గీతకు మూడు శాంపిళ్లు: గుణిస్తే 44,100. యూరప్ పద్ధతిలో 294 గీతలు, 50 ఫీల్డ్‌లు, గీతకు మూడు: మళ్లీ 44,100. రెండు చోట్లా కుదిరింది కాబట్టి అదే ఖాయమైంది.

కంప్యూటర్ ప్రపంచం వేరే దారిలో పోయింది. వృత్తిపరమైన వీడియో, ఆడియో పరికరాల్లో 48,000 స్థిరపడింది. 1990ల చివర్లో ఇంటెల్ తెచ్చిన ఏసీ 97 ప్రమాణమూ 48,000నే ఆధారంగా తీసుకుంది. చవక మదర్‌బోర్డుల మీద ఉండే సౌండ్ చిప్‌లు చాలావరకు ఏ పాటనైనా 48,000లోకి మార్చాకే బయటికి పంపేవి. 1998లో వచ్చిన సౌండ్ బ్లాస్టర్ లైవ్ కార్డుదీ అదే తీరు. ఈ రెండు అంకెల నిష్పత్తి 147కు 160. రెట్టింపు చేసినంత సులువైన లెక్క కాదిది, మధ్య విలువలన్నీ కొత్తగా కట్టాలి. విండోస్ ఎక్స్‌పీ కాలంలో ఆ పని మిక్సర్‌లో, వినియోగదారుడికి తెలియకుండానే జరిగిపోయేది. ఫైలు లాస్‌లెస్సే, స్పీకర్‌కు చేరింది మాత్రం వేరే అంకెలు.

2007లో విస్టాతో మైక్రోసాఫ్ట్ ఆడియో వ్యవస్థను మొదటి నుంచీ తిరగరాసింది. వాసాపి అనే దారిలో రెండు పద్ధతులు పెట్టింది. షేర్డ్ మోడ్‌లో అన్ని ప్రోగ్రాముల శబ్దాలూ కలిసి ఒకే రేటులో పోతాయి. ఎక్స్‌క్లూజివ్ మోడ్‌లో ఒక ప్లేయర్ సౌండ్ కార్డును పూర్తిగా తన చేతిలోకి తీసుకుంటుంది, పాట ఏ రేటులో ఉంటే ఆ రేటులోనే పంపుతుంది. "డివైస్ వాడుకలో ఉంది" అనే సందేశం చాలావరకు ఇక్కడిదే. మొదటి ప్లేయర్ కార్డును పట్టుకుని ఉండగా రెండోది తెరిచారన్నమాట. పాడైంది ఏమీ లేదు, మొదటిది మూసేస్తే సరి.

టకటక చప్పుడు సంగతి వేరు. ప్లేయర్ నింపే బఫర్ (పాట ముక్కల్ని ముందుగా ఉంచుకునే చోటు) ఖాళీ అయ్యేలోపు తర్వాతి ముక్క రాకపోతే ఆ సందు చప్పుడుగా వినిపిస్తుంది. ప్రాసెసర్‌ను కాసేపు కదలనివ్వని వైఫై డ్రైవరో, యూఎస్‌బీకి కరెంటు తగ్గించే పవర్ సెట్టింగో దీనికి మామూలు కారణాలు. బఫర్ పెంచి చూడండి, వైఫై ఆపి చూడండి. సినిమా పాటలో ఈ చప్పుడు మద్దెల దెబ్బల్లో కలిసిపోవచ్చు. తంబురా శ్రుతి ఆగకుండా సాగే ఆలాపనలో చిన్న సందు కూడా దాగదు, కాబట్టి పరీక్షకు అలాంటి పాటనే పెట్టుకోవాలి. 44,100కూ 48,000కూ మధ్య మార్పిడి గురించి ఇప్పటి కంప్యూటర్‌లో బెంగపడక్కర్లేదని నా అభిప్రాయం. ఈ చప్పుడు గురించి మాత్రం పట్టించుకోవాలి.

ఇక ఫ్లాక్ సంగతి. ఎంపీత్రీ 1990లలో ఇంటర్నెట్ వేగమూ డిస్కు చోటూ తక్కువగా ఉన్న రోజుల కోసం పుట్టింది. చెవికి అందదనుకున్నది తీసి పారేస్తుంది, తీసేసింది తిరిగి రాదు. ఏమీ పారేయకుండా కుదించే షార్టెన్ లాంటి ప్రయత్నాలు అదే దశాబ్దంలో ఉన్నాయి. జోష్ కోల్సన్ 2000లో ఫ్లాక్ పని మొదలుపెట్టి, 2001 జులైలో 1.0 విడుదల చేశారు. 2003లో అది జిఫ్ సంస్థ గొడుగు కిందికి చేరింది. వరుసలో తర్వాతి శాంపిల్ ఎంత ఉండొచ్చో అంచనా కట్టి, అంచనాకూ అసలుకూ ఉన్న తేడాను మాత్రమే రాసుకోవడం దీని కిటుకు. పాటను బట్టి సైజు దాదాపు సగానికి తగ్గుతుంది, విప్పితే ప్రతి బిట్టూ యథాతథంగా వస్తుంది.

ఆపిల్ ఆ దారికి రాలేదు. 2004లో సొంతంగా ఏలాక్‌ను తెచ్చి, 2011లోగానీ దాని కోడ్‌ను బయటపెట్టలేదు. లాస్‌లెస్ ఏలాక్‌కూ, పారేసే రకమైన ఏఏసీకీ ఎం4ఏ అనే ఒకే తోక తగిలించడంతో ఫైలు పేరు చూసి ఏది ఏదో చెప్పలేని గందరగోళం నేటికీ ఉంది. విండోస్ తనంతట తాను ఫ్లాక్‌ను వినిపించడం 2015లో విండోస్ 10తో మొదలైంది. మధ్యలో ఆ పదిహేనేళ్లూ జనం ఎక్కడెక్కడివో కోడెక్ ప్యాక్‌లు (రకరకాల ఫైళ్లను విప్పే ప్రోగ్రాముల మూటలు) దించుకుని వేసుకున్నారు. వాటిలో ఒకదానితో ఒకటి పొసగక వచ్చిన గొడవలు చాలా ఉన్నాయి. పాత కంప్యూటర్‌లో అలాంటి ప్యాక్ ఇంకా ఉంటే ముందు దాన్ని తీసేయడం మేలు.

ఫ్లాక్‌లో నాకు అన్నిటికంటే విలువైనదిగా కనిపించేది సైజు తగ్గడం కాదు. ఫైలు మొదట్లోనే, కుదించక ముందున్న అసలు ఆడియోకు లెక్కగట్టిన ఎండీ5 సంతకం ఉంటుంది. అది పత్రం మీద వేలిముద్ర లాంటిది. ఎన్నేళ్ల తర్వాతైనా టెస్ట్ కమాండ్ ఇస్తే ప్రోగ్రాం పాటంతా విప్పి, మళ్లీ లెక్కగట్టి, రెండూ సరిపోయాయో లేదో చెబుతుంది. దాంతోపాటు ఒక్కో ఫ్రేముకు విడిగా తనిఖీ సంఖ్య ఉంటుంది. ఫ్రేమంటే మామూలుగా 4,096 శాంపిళ్లు, అంటే సెకనులో పదో వంతు కూడా ఉండదు. హార్డ్‌డిస్కులో ఒక చోట దెబ్బతింటే పోయేది ఆ చిన్న ముక్కే, మిగతా పాట వినిపిస్తుంది. పాటలో ఏ తేడా వచ్చినా ముందుగా చేయాల్సింది ఈ పరీక్షే. ఫైలు నెగ్గితే దోషం ప్లేయర్‌లోనో, డ్రైవర్‌లోనో, వైరులోనో ఉన్నట్టు. నెగ్గకపోతే సాఫ్ట్‌వేర్ ఎన్నిసార్లు మార్చినా ప్రయోజనం ఉండదు, బ్యాకప్ నుంచి తెచ్చుకోవాల్సిందే.

ఈ సంతకానికి ఒక హద్దుంది. తనలోకి వచ్చింది మారలేదని మాత్రమే అది హామీ ఇస్తుంది. వచ్చింది మంచిదో కాదో దానికి తెలియదు. ఎంపీత్రీని ఫ్లాక్‌గా మార్చినా పరీక్ష నెగ్గుతుంది. అలాంటి నకిలీని పట్టడానికి స్పెక్ట్రమ్ (ఏ స్థాయి స్వరం ఎంత ఉందో చూపే గీత) చూస్తారు. 128 కేబీపీఎస్ ఎంపీత్రీలో 16 వేల హెర్ట్జ్ ప్రాంతంలో కత్తితో కోసినట్టు శబ్దం ఆగిపోతుంది. క్యాసెట్ విషయంలో తొందరపడకూడదు. పాత టేపులో పై స్వరాలు సహజంగానే సన్నగిల్లుతాయి. అయితే అక్కడ తగ్గుదల మెల్లగా ఉంటుంది, పైన టేపు బుసబుస మిగులుతుంది. మెల్లగా వాలిన గీతను చూసి నకిలీ అనడం పొరపాటు.

అసలు నష్టం ఫ్లాక్‌కు ముందే, రికార్డింగ్ దగ్గర జరుగుతోంది. దీని గురించి ఎవరూ చాలినంత చెప్పడం లేదు. పాత డెస్క్‌టాప్‌లకు వెనకాల నీలం రంగు లైన్-ఇన్ రంధ్రం ఉండేది, టేప్‌రికార్డర్ నుంచి స్టీరియో నేరుగా అందులోకి వెళ్లేది. ల్యాప్‌టాప్‌లు పలచబడేకొద్దీ అది పోయింది. ఇప్పుడున్నది హెడ్‌ఫోన్‌కూ మైకుకూ కలిపి ఒకే రంధ్రం. అందులోకి వెళ్లే మైకు దారి ఒకే ఛానెల్, అదీ చిన్న మైకు సిగ్నల్ కోసం చేసింది. టేప్‌రికార్డర్ సిగ్నల్ దానికి చాలా ఎక్కువ, కాబట్టి గొంతు పైకి లేచిన చోటల్లా శబ్దం పగులుతుంది. దాన్ని ఫ్లాక్ ఎంతో నమ్మకంగా, ఒక్క బిట్టు పోకుండా దాస్తుంది.

ఇంకా దారుణం తంబురాకు జరిగేది. ఫోన్ కాల్స్, మీటింగ్‌ల కోసం మైకు దారిలో శబ్దం తగ్గించే ప్రోగ్రాములు పెట్టారు. వాటి లెక్క ఇది: మాట క్షణక్షణానికీ మారుతుంది, ఫ్యాను హోరు మారదు, కాబట్టి మారకుండా సాగేదాన్ని తీసెయ్. మన సంగీతంలో మారకుండా సాగేది శ్రుతి. గాయకుడు ఆగిన ప్రతిచోటా తంబురా మాయమై, పాడగానే మళ్లీ తొంగిచూస్తుంది. ఇలా ఎక్కిన పాటను ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు, క్యాసెట్ మళ్లీ పెట్టి రికార్డు చేయాల్సిందే. ముందు విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో ఇన్‌పుట్ పరికరం కింద ఆడియో ఎన్‌హాన్స్‌మెంట్స్ ఆపెయ్యాలి. ల్యాప్‌టాప్ కంపెనీ విడిగా ఇచ్చిన ఆడియో ప్రోగ్రాంలోనూ ఇలాంటిదే ఇంకోటి ఉంటుంది, దాన్నీ వెతికి ఆపాలి. లైన్-ఇన్ ఉన్న చిన్న యూఎస్‌బీ ఆడియో పెట్టె కొనుక్కుంటే రంధ్రం గొడవ కూడా తీరుతుంది. నా మాటగా చెప్పాలంటే, ఖరీదైన హెడ్‌ఫోన్స్‌కు పెట్టే డబ్బులో కొంత ఈ పెట్టెకు పెట్టాలి.

సుదీర్ఘ రికార్డింగులు చేసేవాళ్లకు ఇంకో పాత గోడ అడ్డమొస్తుంది. కుదించని ఆడియోను దాచే వేవ్ ఫైలు రూపం 1991 నాటిది, అందులో సైజు రాసుకునే చోటు 32 బిట్లే. అంటే 4 జీబీ దాటదు. 24 బిట్లు, 96 వేల శాంపిళ్లతో స్టీరియో తీస్తే అది రెండు గంటల నాలుగు నిమిషాలకు నిండిపోతుంది. రాత్రంతా సాగిన హరికథ మధ్యలో తెగిపోవడానికి ఇదొక కారణం. ఫ్యాట్32 పద్ధతిలో ఫార్మాట్ చేసిన పెన్‌డ్రైవ్‌లోనూ ఒక్కో ఫైలుకు ఇదే 4 జీబీ హద్దు.

చివరిది పేర్ల బాధ. తెలుగువాళ్లకు ఇది ఇంగ్లిషు ఫైళ్లతో బతికేవాళ్లకంటే ఎక్కువగా తగులుతుంది. 1996లో ఎంపీత్రీకి వచ్చిన మొదటి ఐడీ3 ట్యాగ్‌లో (ఫైలులోనే పాట వివరాలు రాసే చోటులో) పాట పేరుకు ఇచ్చింది 30 బైట్లు, అదీ లాటిన్ అక్షరాల లెక్కలో. అన్ని భాషల అక్షరాలనూ రాయగల యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు సంకేతం ఒక్కోటి మూడు బైట్లు. ఒత్తులూ గుణింతాలూ విడిగా లెక్కకొస్తాయి కాబట్టి "అన్నమాచార్య" అనే ఒక్క మాటకే 33 బైట్లు కావాలి. ఫ్లాక్ ట్యాగులు మొదటి నుంచీ యూటీఎఫ్-8లోనే ఉన్నాయి, పొడవుకు అలాంటి ఇరుకు లేదు. ఈ విషయంలో మనకు ఫ్లాక్ చేసిన మేలు పెద్దది.

అయితే ట్యాగ్ వేరు, ఫైలు పేరు వేరు. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. విండోస్‌లోని పాత తరహా ప్రోగ్రాములు మాత్రం యూనికోడ్ వాడవు, ఒక్కో భాషకు ఉండే కోడ్ పేజీ అనే అక్షరాల పట్టిక మీద నడుస్తాయి. రష్యన్‌కు, గ్రీకుకు, థాయ్‌కి విండోస్‌లో ఆ పేజీ ఉంది. తెలుగుకు లేదు. కాబట్టి అలాంటి ప్రోగ్రాం తెలుగు పేరు చదివినప్పుడు ప్రతి సంకేతమూ ప్రశ్నార్థకంగా మారుతుంది. విండోస్ ఫైలు పేరులో ప్రశ్నార్థకం నిషిద్ధం. దాంతో కళ్ల ముందే ఉన్న ఫైలును "దొరకలేదు" అంటుంది. పాడైంది పాట కాదు. యూనికోడ్ తెలిసిన ప్లేయర్‌లో తెరిస్తే అదే ఫైలు హాయిగా పలుకుతుంది.

లినక్స్ వైపు ఇంకో రకం చిక్కు. అక్కడ ఫైలు పేరు 255 బైట్లు దాటకూడదు, అంటే తెలుగులో 85 సంకేతాలే. కీర్తన పల్లవి, రాగం, తాళం, గాయకుడు, ఊరు, తేదీ అన్నీ పేరులోనే రాసే అలవాటున్నవాళ్లకు ఇంటి సర్వర్‌కు కాపీ చేసేటప్పుడు "పేరు మరీ పొడవు" అని ఎదురవుతుంది. వివరాలు ట్యాగుల్లో పెట్టి పేరు పొట్టిగా ఉంచాలి. ఈ బాధలు పడలేక చాలామంది పేర్లన్నీ ఇంగ్లిషు అక్షరాల్లోకి మార్చేశారు. ఒకే రాగాన్ని ఒక ఇంట్లో ఒకలా, పక్కింట్లో ఇంకోలా రాయడంతో తర్వాత వెతకడం కష్టమైంది.

ఫ్లాక్ రూపాన్ని ఇంటర్నెట్ ప్రమాణాల సంస్థ ఐఈటీఎఫ్ 2024 డిసెంబరులో ఆర్‌ఎఫ్‌సీ 9639గా ప్రచురించింది. దాన్ని చూసి ఎవరైనా కొత్తగా డీకోడర్ రాసుకోవచ్చు, కాబట్టి ఈ రోజు ఎక్కించిన క్యాసెట్ రేపు తెరుచుకోదేమోనన్న భయం తగ్గింది. పాత ప్రోగ్రాములకూ యూటీఎఫ్-8 వర్తింపజేసే ఆప్షన్ ఒకటి విండోస్ 10 మధ్యలో ప్రాంతీయ సెట్టింగ్స్‌లోకి వచ్చింది. దాన్ని ఆన్ చేస్తే కొన్ని ప్రోగ్రాముల్లో తెలుగు పేర్లు సరిగ్గా కనిపిస్తాయి, మరికొన్ని పాత ప్రోగ్రాములు తడబడతాయి. ముందు పాటల ఫోల్డర్‌కు ఇంకో డిస్కులో కాపీ ఉంచుకుని, టెస్ట్ కమాండ్‌తో ఆ కాపీని సరిచూసుకున్నాకే దాని జోలికి వెళ్లాలి.