పాత వైరింగుకు కొత్త తక్కెడ

ఒక పాఠకురాలి ప్రశ్న ఇది: "మాది పాత ఇల్లు. వాషింగ్ మెషిన్ కోసం కింది సర్క్యూటు నుంచి కొత్త ప్లగ్ పాయింట్ లాగించి, ఆ సర్క్యూటుకు ఆర్‌సీసీబీ పెట్టించాం. మెషిన్ తిరుగుతుంటే ఏమీ కాదు. మెట్ల లైటు వేస్తే మాత్రం టప్పున పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేద్దామంటున్నాడు. తీయించమంటారా?"

దయచేసి తీయించకండి. ఆర్‌సీసీబీ అంటే కరెంటు ఎక్కడైనా దారి తప్పితే సరఫరాను తెంచేసే రక్షణ స్విచ్చు. అది తన పని తాను చేస్తోంది. దాని లోపల జరిగేది తెలిస్తే మెట్ల లైటు సంగతి మీకే తేలిపోతుంది.

అందులో ఒక అయస్కాంత ఉంగరం ఉంటుంది. ఫేజు, న్యూట్రల్ రెండూ అందులోంచే దూరి వెళ్తాయి. వెళ్లే కరెంటు పుట్టించే క్షేత్రాన్ని తిరిగొచ్చే కరెంటు చెరిపేస్తుంది. దీన్ని తక్కెడ అనుకోండి. రెండు పళ్లేల్లో చెరో పది కిలోలు పెట్టినా ముల్లు నిటారుగానే నిలుస్తుంది. ఒకవైపు ముప్ఫై గ్రాములు తగ్గితే ఒరుగుతుంది. ఇళ్లలో వాడే ఆర్‌సీసీబీ నిష్పత్తి కూడా అదే: 10 ఆంపియర్లు పారుతున్నా, 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే పసిగట్టేస్తుంది.

ఫ్యూజుకు బదులు పెట్టే స్విచ్చు ఎంసీబీ అలా కాదు, అది స్ప్రింగు కాటా. మొత్తం బరువు మితిమీరితేనే కదులుతుంది. షాకు కొట్టకుండా ఫ్యూజు కాపాడుతుందన్న నమ్మకంతోనే చాలామంది పిల్లలు బడి దాటుతున్నారు. నాకిది నిజంగా బాధ కలిగిస్తుంది, ఎందుకంటే ఒక్క లెక్క చేయిస్తే చాలు. చేతి నుంచి కాలికి శరీర నిరోధం సుమారు 1,500 ఓములు అనుకుంటే, 230 వోల్టులకు పారేది దాదాపు 150 మిల్లీ ఆంపియర్లు. గుండె లయ తప్పడానికి అది చాలు. 16 ఆంపియర్ల ఎంసీబీకి మాత్రం అది లెక్కలోకే రాదు. అదే తేడాకు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ 0.04 సెకన్లలోపు తెగాలి. గుండె ఒకసారి కొట్టుకునే వ్యవధిలో అది ఇరవయ్యో వంతు.

ఇక మెట్ల లైటు. దానికి కిందొక స్విచ్చు, పైనొక స్విచ్చు. పాత వైరింగులో తీగ కలిసొస్తుందని ఫేజు కింది సర్క్యూటు నుంచి, న్యూట్రల్ పై సర్క్యూటు నుంచి ఇచ్చేసేవారు. బల్బుకు తేడా తెలియదు, చక్కగా వెలుగుతుంది. ఇప్పుడు కింది సర్క్యూటుకు తక్కెడ వచ్చింది. కరెంటు ఒక పళ్లెంలోంచి వెళ్లి, తిరిగి రావాల్సిన పళ్లెంలోకి రాకుండా పై సర్క్యూటు న్యూట్రల్‌లోకి పోతోంది. 9 వాట్ల బల్బు కూడా దాదాపు 40 మిల్లీ ఆంపియర్లు తీసుకుంటుంది. ముల్లు ఒరగక ఏంచేస్తుంది?

ఇంకో చిక్కు కూడా పాత ఇళ్లలో తరచూ కనిపిస్తుంది. ఏదో బోర్డులో న్యూట్రల్ తీగ తొడుగు చిట్లి ఎర్తుకు తగులుతూ ఉంటుంది. ఆ లైను ఎంసీబీ దించినా ఆర్‌సీసీబీ పడుతుంది. కారణం, సింగిల్ పోల్ ఎంసీబీ తెంచేది ఫేజునే. న్యూట్రల్ అలాగే కలిసి ఉంటుంది, మిగతా లైన్ల నుంచి తిరిగొచ్చే కరెంటులో కొంత ఎర్తు బాట పడుతుంది. అందుకే కొత్త పాయింటు కలిపే ముందు, పరికరాలన్నీ విప్పి 500 వోల్టుల మెగ్గర్ అనే పరికరంతో తీగల తొడుగు (ఇన్సులేషన్) నిరోధం కొలిచి చూడాలి. కనీసం ఒక మెగా ఓము ఉండాలి. కొత్త మెషిన్లలో ఎలక్ట్రానిక్స్ ఉంటాయి కాబట్టి 'టైప్ ఏసీ' (AC) కన్నా 'టైప్ ఏ' (A) ఆర్‌సీసీబీ మేలు.

ఎర్తు తీగే లేని పాత సర్క్యూటులోనూ ఇది పనిచేస్తుంది. కాకపోతే మెషిన్ బాడీకి కరెంటు వస్తే, మనిషి ముట్టుకునేదాకా తేడా పుట్టదు. అందుకని ప్లగ్గులో న్యూట్రల్‌నే ఎర్తు పిన్నుకు కలిపేస్తారు కొందరు. ఇది ప్రాణాంతకం. న్యూట్రల్ ఎక్కడైనా తెగితే మెషిన్ బాడీ మొత్తం ఫేజు అయిపోతుంది. నిజమైన ఎర్తు లాగించాల్సిందే. ఫేజును ఒక చేత్తో, న్యూట్రల్‌ను ఇంకో చేత్తో పట్టుకున్న మనిషిని మాత్రం ఏ ఆర్‌సీసీబీ కాపాడలేదు. అక్కడ రెండు పళ్లేలూ సమానమే మరి.

మీ ఎలక్ట్రీషియన్‌కు చెప్పి మెట్ల లైటుకు కింది సర్క్యూటు న్యూట్రలే ఇప్పించండి. తర్వాత లైటు వేసి, మెషిన్ తిప్పి చూడండి, పడకూడదు. అప్పుడు టెస్ట్ బటన్ నొక్కండి. అది కొంచెం కరెంటును ఉంగరం తప్పించి పోనిస్తుంది. అప్పుడు పడాలి.