రెండో బండిగా సెకండ్‌హ్యాండ్ మిడిల్‌వెయిట్: అపోహలు - వాస్తవాలు

కొనబోయే బండిని చూపించుకోవడానికి మా గ్యారేజీకి వచ్చేవాళ్లలో చాలామందికి ఇంట్లో ఒక బండి ముందే ఉంటుంది. ఆఫీసుకీ, మార్కెట్‌కీ, పిల్లల్ని స్కూల్లో దింపడానికీ ఏ యాక్టివానో షైనో సరిపోతోంది. ఇప్పుడు ఆదివారాలకి, ఊరి ప్రయాణాలకి ఒక పెద్ద బండి (దీన్నే మిడిల్‌వెయిట్ అంటున్నాను) కావాలి. కొత్తదానికి అంత పెట్టలేరు. ఇంటర్‌సెప్టర్ 650, కేటీఎం 390, ట్రయంఫ్ స్పీడ్ 400, నింజా 650... తిరిగి తిరిగి ఈ పేర్లే వినిపిస్తాయి.

అడిగే ప్రశ్నలు మాత్రం మొదటి బండి కొనేవాళ్ల ప్రశ్నలే. ఎన్ని కిలోమీటర్లు తిరిగింది? ఎన్నో ఓనరు? మైలేజ్ ఎంత? రెండో బండి సంగతి వేరు. అది రోడ్డు మీద కంటే సెల్లార్‌లోనే ఎక్కువ కాలం ఉంటుంది. మీరు కొంటున్నది కూడా చాలావరకు ఎవరిదో రెండో బండే, అంటే ఇప్పటికే నెలల తరబడి నిలబడి ఉన్నదే. తిరిగి అరిగిన బండిని చూడగానే పోల్చుకోవచ్చు. నిలబడి పాడైన బండి తుడిచి పెడితే కొత్తదానిలా మెరుస్తుంది.

అపోహ: "ఐదేళ్ల బండి, 4,000 కిలోమీటర్లే తిరిగింది. కళ్లు మూసుకుని కొనొచ్చు."

అసలు ఇలాంటి బండికే కళ్లు తెరిచి చూడాలి.

పెట్రోల్‌తో మొదలుపెడదాం. ఇప్పుడు బంకుల్లో పోసేది 20 శాతం దాకా ఇథనాల్ కలిసిన పెట్రోల్. ఇథనాల్ గాలిలోని తేమను లాక్కుంటుంది. సగం నిండిన ట్యాంకుతో ఒక వానాకాలం మొత్తం నిలబడిన బండిలో ఆ నీరు అడుక్కి చేరుతుంది. ఇనుప ట్యాంకు లోపలి నుంచి తుప్పు పడుతుంది. ఈ బండ్లలో ఫ్యూయల్ పంపు ట్యాంకు లోపలే ఉంటుంది కాబట్టి ఆ తుప్పు ముందు పంపు ఫిల్టర్‌కీ, తర్వాత ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇన్‌జెక్టర్‌కీ చేరుతుంది. మూత తెరిచి సెల్‌ఫోన్ టార్చ్ వేసి లోపలి గోడలు చూడండి. పాత వార్నిష్ లాంటి ఘాటు వాసన వస్తే ఆ పెట్రోల్ ఎన్నాళ్లనుంచో అలాగే ఉందని అర్థం.

తర్వాత టైర్లు. పక్క గోడ మీద నాలుగు అంకెలు అచ్చు వేసి ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైన టైరు. గాట్లు నిండుగా ఉండొచ్చు, రబ్బరు మాత్రం రాయిలా గట్టిపడి ఉంటుంది. గోటితో నొక్కితే తెలుస్తుంది. 200 కిలోల బండి తడి రోడ్డు మీద అలాంటి టైరుతో వంపు తిరగడం చెలగాటమే. కాబట్టి రెండు టైర్ల ఖరీదు బేరంలోనే తగ్గించుకోండి.

బ్రేక్ ఆయిల్ తేమ పీల్చుకుని నల్లబడుతుంది. అందుకే వాడినా వాడకపోయినా రెండేళ్లకోసారి మార్చాలి. డిస్క్ బ్రేకుని పట్టి ఉంచే కాలిపర్ పిస్టన్లు బిగుసుకుపోయి ఉండొచ్చు. అలా ఉంటే, వెనక చక్రం గాల్లోకి లేపి చేత్తో తిప్పినప్పుడు ఎక్కడో పట్టేస్తూ తిరుగుతుంది. ముందు ఫోర్క్‌ల (సస్పెన్షన్ గొట్టాల) ఆయిల్ సీళ్లు ఎండి ఉంటే, ముందు బ్రేకు పట్టి నాలుగుసార్లు గట్టిగా నొక్కగానే ఫోర్క్ రాడ్ మీద నూనె గీత పడుతుంది. ఇక సీటు తీసి చూడటం మర్చిపోకండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లలో ఎలుకలకి పెద్ద బండి వైరింగ్ అంటే భలే ఇష్టం. ఎక్కడైనా కొత్త ఇన్సులేషన్ టేపు చుట్టి ఉందంటే ఎందుకు చుట్టారో అడగండి.

బ్యాటరీ సంగతి ఒక్క మల్టీమీటర్‌తో తేలిపోతుంది. ఇంజన్ ఆపి ఉన్నప్పుడు 12.5 వోల్టుల పైన, ఇంజన్ కాస్త రేజ్ చేసినప్పుడు 13.5 నుంచి 14.5 మధ్య ఉండాలి. రెండోది రాకపోతే తప్పు బ్యాటరీది కాదు, ఛార్జింగ్‌ది. ఆ ఖర్చు వేరే లెక్క.

ఇదంతా మీటరు నిజమే చెబుతోందని అనుకుంటేనే. డిజిటల్ మీటరు వెనక్కి తిప్పలేరన్న నమ్మకం ఇంకా ఉంది. తిప్పుతారు, లేదంటే మీటరే మార్చేస్తారు. అందుకే నేను మీటరు చివర్లో చూస్తాను. ముందు చూసేవి చైన్ స్ప్రాకెట్ పళ్లు, ఫుట్‌రెస్ట్ రబ్బర్లు, హ్యాండిల్ గ్రిప్పులు, డిస్క్ అంచు. డిస్క్ మీదే అది ఎంత మందం దాకా అరగొచ్చో చెక్కి ఉంటుంది. 4,000 తిరిగిన బండి డిస్క్‌కి వేలికి తగిలేంత అంచు లేవదు. బండి నంబరు చెప్పి కంపెనీ సర్వీస్ సెంటర్‌లో పాత రికార్డు అడిగించండి. ప్రతి సర్వీసుకీ అక్కడ కిలోమీటర్లు రాసి ఉంటాయి. రికార్డు చూపించడానికి అమ్మేవాళ్లు వెనకాడితే నేనైతే ఇంకో బండి చూడమంటాను.

నన్నడిగితే, నెలకి రెండుసార్లయినా రోడ్డెక్కుతూ, సర్వీసు బిల్లులన్నీ ఉన్న 25,000 కిలోమీటర్ల బండికే నా ఓటు.

అపోహ: "ఫస్ట్ ఓనర్ బండి, సింగిల్ హ్యాండ్."

ఆర్సీలో ఒక్క పేరే ఉన్నంత మాత్రాన ఒక్క చేతిలోనే ఉందని కాదు. మొదటి ఓనరు యాజమాన్యం మార్చే ఫారం 29, ఫారం 30లని ఖాళీగానే సంతకాలు పెట్టి ఇచ్చేస్తారు. బండి ఇద్దరు ముగ్గురు బ్రోకర్ల చేతులు మారుతుంది. కాగితం మీద మాత్రం ఫస్ట్ ఓనరే. అందుకే ఆర్సీలో పేరున్న మనిషితో ఒక్కసారైనా నేరుగా మాట్లాడాలి. బండి ఎప్పుడు అమ్మారు, ఎంతకి అమ్మారు అని అడిగితే సగం కథ అక్కడే బయటపడుతుంది.

2023 ఏప్రిల్ నుంచి అమల్లో ఉన్న నిబంధనల ప్రకారం పాత బండ్లు కొని అమ్మే డీలర్ రవాణా శాఖ దగ్గర అధికార పత్రం తీసుకోవాలి. బండి తన చేతికి వచ్చిన సంగతి కూడా తెలపాలి. ఆ పత్రం చూపించమని అడగడానికి మొహమాటం అక్కర్లేదు.

అపోహ: "ట్రాన్స్‌ఫర్ మెల్లగా చేయించుకోవచ్చు, ఇన్సూరెన్స్ 2027 దాకా ఉందిగా."

ఇక్కడ రెండు అపోహలు కలిసిపోయాయి.

2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్లకి ఐదేళ్ల థర్డ్ పార్టీ పాలసీ (ఎదుటివాళ్లకి జరిగే నష్టానికి బీమా) తప్పనిసరి. ఆ 2027 దానిదే. మీ బండి పోయినా, పడి విరిగినా డబ్బులిచ్చే సొంత నష్టం భాగం చాలా బండ్లకి మొదటి ఏడాదితోనే ముగిసి ఉంటుంది. పాలసీ కాగితంలో రెండు తేదీలూ విడివిడిగా చూడండి. బండి చేతులు మారాక ఆ సొంత నష్టం భాగం మీ పేరుకి మారాలంటే 14 రోజుల్లో కంపెనీకి దరఖాస్తు పెట్టుకోవాలి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ వారితోనే పోతుంది, మీకు రాదు. 350 సీసీ దాటిన బండికి థర్డ్ పార్టీ ప్రీమియం కూడా ఎక్కువ. 2022 జూన్‌లో ఖరారైన రేట్లలో ఏడాదికి 2,804 రూపాయలు. 150 నుంచి 350 సీసీ బండికైతే 1,366. ఒక చిన్న ఊరట: మీకు ఇప్పటికే 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంటే రెండో బండికి మళ్లీ అది కొననక్కర్లేదు.

ఇక ట్రాన్స్‌ఫర్. కొన్నవాళ్లు 30 రోజుల్లో ఆర్టీఏకి తెలపాలని చట్టం. అమ్మినవాళ్లకి ఇది ఇంకా ముఖ్యం. చేతులు మారి మారి అమ్ముడైన ఒక కారు ప్రమాదం చేస్తే, రికార్డులో ఎవరి పేరుందో ఆ యజమానే బాధ్యుడని 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఈ తీర్పు గురించి చెబితే, ట్రాన్స్‌ఫర్‌కి బద్ధకించే ఓనర్లు కూడా మరుసటి రోజే ఆర్టీఏ ఆఫీసుకి వస్తున్నారు.

పెండింగ్ చలాన్లు నంబరు కొట్టి చూసుకోండి. ఆర్సీలో ఫైనాన్స్ పేరు ఉంటే, లోను తీరిపోయిందన్న మాట చాలదు. బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్సీలోంచి ఫైనాన్స్ పేరు తీసేయించే ఫారం 35 చేతికొచ్చాకే డబ్బులివ్వండి. టీఎస్ నంబరుని టీజీగా మార్చుకోవాలేమో అని కూడా కొందరు భయపడుతున్నారు. 2024 మార్చిలో వచ్చిన ఆ మార్పు కొత్త రిజిస్ట్రేషన్లకే. ఆంధ్రలో ఏపీ 39 నంబరు చూసి ఏ జిల్లా బండో చెప్పలేం, అది రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్.

అపోహ: "బెంగళూరులో, ఢిల్లీలో చవక. అక్కణ్నుంచి తెచ్చుకుంటే లాభం."

ధర చూస్తే చవకే. దానికి వేరే రాష్ట్రం ఎన్‌ఓసీ, ఇక్కడ బండి వయసుని బట్టి మళ్లీ కట్టే లైఫ్ ట్యాక్స్, రవాణా ఖర్చు, తిరిగే తిరుగుడు కలపండి. అన్నీ కలిపాక చాలాసార్లు ఇక్కడి ధరే తేలుతుంది. 12 నెలలు దాటి ఇక్కడే ఉంచుకునే బండికి ఇక్కడి రిజిస్ట్రేషన్ తప్పదు. పైగా ఆ బండిని మీరు కొనేముందు పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసి చూసే వీలుండదు. నాకైతే అదే పెద్ద అభ్యంతరం.

ఇక్కడ చూసే బండికైనా అంతే. వెళ్లగానే ఇంజన్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉందంటే మీరొచ్చేలోపు స్టార్ట్ చేసి పెట్టారన్నమాట. టీ తాగి మాట్లాడుకుంటూ చల్లారనివ్వండి, లేదా రేపొస్తామనండి. చల్లారాక స్టార్ట్ చేస్తే మొదట్లో కాస్త తెల్లటి ఆవిరి వచ్చినా పర్వాలేదు. నీలం పొగ వస్తే ఆయిల్ కాలుతోందని.

అపోహ: "సైలెన్సర్, క్రాష్ గార్డులు, లైట్లు... లక్ష రూపాయల సామాను ఫ్రీగా వస్తోంది."

సామానుకి డబ్బులివ్వకండి, ఒరిజినల్ భాగాలు ఉన్నాయా అని మాత్రం అడగండి. కంపెనీ సైలెన్సర్ పారేసిన బండిని నేను సగం మనసుతోనే చూస్తాను. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 బండిని ఇష్టమొచ్చినట్టు మార్చడాన్ని ఒప్పుకోదు. పట్టుకున్న సైలెన్సర్లని పోలీసులు రోడ్డు రోలర్ కింద తొక్కించడం మీరు టీవీలో చూసే ఉంటారు. అదనపు లైట్ల కోసం వైరింగ్ కోసి అతికించిన చోట్లే తర్వాత తలనొప్పులు మొదలవుతాయి.

క్రాష్ గార్డు మీద గీతలుంటే బండి పడిందని తెలుస్తుంది. ఎంత గట్టిగా పడిందో తెలియాలంటే హ్యాండిల్ పూర్తిగా తిప్పితే వెళ్లి ఆగే చోటు చూడండి. అక్కడ ఛాసీకి ఒక చిన్న దిమ్మ ఉంటుంది. అది నొక్కుకుపోయినా, పెయింట్ పగిలినా, కొత్తగా రంగు పూసినా ఆ బండి ముందు నుంచి గట్టి దెబ్బ తిన్నదే. ఎంత పాలిష్ చేసినా ఆ దిమ్మని ఎవరూ పట్టించుకోరు కాబట్టి అది నిజమే చెబుతుంది.

అపోహ: "ఎలాగూ కొంటున్నాం కదా, పెద్దదే కొందాం."

నింజా 650 దాదాపు 68 హార్స్‌పవర్, ఇంటర్‌సెప్టర్ 47, స్పీడ్ 400 సుమారు 40. హైదరాబాద్ అవుటర్ రింగ్ రోడ్డు మీదికి టూవీలర్లని అనుమతించరు. విజయవాడ హైవే మీద చట్టం మోటార్‌సైకిల్‌కి ఇచ్చిన వేగం గంటకి 80 కిలోమీటర్లు. ఆ వేగానికి 40 హార్స్‌పవర్ ధారాళంగా సరిపోతుంది. తేడా ఉండేది పవర్‌లో కంటే తీరులో. రెండు సిలిండర్ల ఇంటర్‌సెప్టర్ టాప్ గేర్‌లో తక్కువ వేగంలో కూడా నింపాదిగా లాగుతుంది. సింగిల్ సిలిండర్ 390 అదే గేర్‌లో గింజుకుంటుంది, కానీ ట్రాఫిక్‌లో తేలిగ్గా సందుల్లో దూరుతుంది.

ఇంకో పరీక్ష ఉంది, దీన్ని ఎవరూ చేయరు. ఇంజన్ ఆపేసి, మీ సెల్లార్ ర్యాంపు లాంటి వాలు మీద బండిని చేత్తో వెనక్కి నెట్టి చూడండి. 200 కిలోలు నెట్టడం కష్టమనిపిస్తే ఆదివారం పొద్దున ఆ బండి బయటికి రాదు, యాక్టివానే వస్తుంది. రానిది నిలబడుతుంది. నిలబడితే ఏమవుతుందో పైనే చెప్పాను.

సర్వీసు ఖర్చు గురించీ ఇలాగే ఆలోచించాలి. రాయల్ ఎన్‌ఫీల్డ్ 650లో (ఇంటర్‌సెప్టర్ ఇదే) వాల్వ్ క్లియరెన్స్, అంటే ఇంజన్ వాల్వుల దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ, స్క్రూ తిప్పి సరిచేయొచ్చు. నింజాలో, 390లో దానికి షిమ్‌లు (పలుచటి లోహపు బిళ్లలు) మార్చాలి, పని ఎక్కువ, చేతనైనవాళ్లు తక్కువ. ఇంటర్‌సెప్టర్ స్పోక్ చక్రాలకి ట్యూబ్ టైర్లు, దారిలో పంక్చరైతే చక్రం విప్పాల్సిందే. 2023 నుంచి కొన్ని రకాలకి అలాయ్ చక్రాలొచ్చాయి. పాతవి చూసేటప్పుడు ఆ తేడా గుర్తుంచుకోండి.

కంపెనీ ఉందో లేదో కూడా చూసుకోవాలి. హార్లే డేవిడ్‌సన్ 2020లో ఇక్కడ తయారీ ఆపేసింది కాబట్టి స్ట్రీట్ 750 ఇప్పుడు ఊరించే ధరకి దొరుకుతుంది. బెనెల్లీకి 2018లో భారత భాగస్వామి మారి హైదరాబాద్ మహావీర్ గ్రూపు వచ్చింది. ఇలాంటివి కొనొద్దనను. అడ్వాన్స్ ఇచ్చేముందు స్పేర్ పార్టుల కౌంటర్‌కి ఫోన్ చేసి క్లచ్ కేబుల్, బ్రేక్ లివర్, ముందు బ్రేక్ ప్యాడ్లు ఎంత, ఎన్నాళ్లలో వస్తాయి అని మాత్రం అడగండి.

అపోహ: "జీఎస్టీ మారింది, పాత బండ్ల ధరలు పడిపోతాయి."

350 సీసీ లోపు బండ్లకి 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 18 శాతానికి తగ్గింది నిజమే. 350 దాటినవాటికి సెస్సుతో కలిపి 31 ఉన్నది 40 అయింది. కొత్తదాని మీద పన్ను పెరిగితే పాతదాని ఓనరు ధర తగ్గించుకోవడానికి కారణమేముంది? బేరమాడాలంటే టైర్ల తేదీ, బ్యాటరీ వోల్టేజీ, చైన్ సెట్ చూపించి ఆడండి. వాటికి అమ్మేవాళ్ల దగ్గర జవాబుండదు.

బేరం కుదిరిందనుకోండి. బండి మీ చేతికొచ్చిన వారంలోనే ఇంజన్ ఆయిల్, ఫిల్టర్, బ్రేక్ ఆయిల్, కూలెంట్ ఉంటే అదీ మార్పించేయండి. పాత ఓనరు మొన్ననే మార్పించానన్నా సరే. ట్యాంకులో పాత పెట్రోల్ తీసేయించండి. శ్రీశైలం ఘాట్‌కి ఆ తర్వాత వెళ్దురుగాని.