డిస్ట్రిక్ట్ జడ్జి అంటే జిల్లా జడ్జి కాదు: అమెరికా ఫెడరల్ ట్రయల్ జడ్జిపై అపోహలు, వాస్తవాలు

అపోహ: అమెరికా డిస్ట్రిక్ట్ జడ్జి అంటే మన జిల్లా జడ్జిలాంటి పోస్టే.

పేరు కలిసింది, అంతే. ఆయన అమెరికా ఫెడరల్, అంటే కేంద్ర కోర్టుల్లో కేసులను మొదట విచారించే (ట్రయల్) జడ్జి. మన దగ్గర హైకోర్టును సంప్రదించి గవర్నర్ నియమిస్తారు, ఆపైన బదిలీలు మామూలే. అక్కడ అధ్యక్షుడు పేరు పంపాలి, సెనేట్ ఆమోదించాలి. వేసిన చోటే ఉంటారు. డిస్ట్రిక్ట్ కూడా మన జిల్లా కొలతకు రాదు. మొత్తం 94 ఉన్నాయి. మొంటానా రాష్ట్రమంతా ఒక్కటే డిస్ట్రిక్ట్, టెక్సస్‌లో నాలుగు. డాలస్ పరిసరాల్లో ఉండే మనవాళ్లు ఒకటి గమనించాలి: ఇర్వింగ్ నార్తర్న్ డిస్ట్రిక్ట్‌లోది, ఫ్రిస్కో ఈస్టర్న్‌లోది.

అపోహ: అమెరికాలో జడ్జి అయ్యారంటే ఫెడరల్ జడ్జే.

2024లో విజయవాడకు చెందిన జయ బాడిగ కాలిఫోర్నియాలో జడ్జి అయ్యారు. అది శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు, అంటే రాష్ట్ర కోర్టు. నియమించింది ఆ రాష్ట్ర గవర్నర్. ఆ కోర్టు జడ్జీల పదవీకాలం ఆరేళ్లు, తర్వాత ఎన్నిక. ఇమిగ్రేషన్ జడ్జి సంగతి ఇంకా వేరు. ఆయన న్యాయశాఖ ఉద్యోగి, నియమించేది ఆ శాఖ అధిపతి అటార్నీ జనరల్. ఫెడరల్ కోర్టు భవనంలోనే కూర్చునే మేజిస్ట్రేట్ జడ్జిని డిస్ట్రిక్ట్ జడ్జీలే 8 ఏళ్లకు ఎంచుకుంటారు.

అపోహ: లా డిగ్రీ, ఇన్నేళ్ల ప్రాక్టీసు అని రాజ్యాంగంలో ఉంది.

వయసు, డిగ్రీ, అనుభవం, ఏదీ రాయలేదు. చట్టంలో ఉన్నది నివాస నిబంధన: కొన్ని మినహాయింపులు పోను, పనిచేసే డిస్ట్రిక్ట్‌లోనే ఇల్లుండాలి. ఆచరణలో మాత్రం ఫెడరల్ ప్రాసిక్యూటర్లు, రాష్ట్ర జడ్జీలు, మేజిస్ట్రేట్ జడ్జీలు, పెద్ద ఫర్ముల లాయర్లే ఎక్కువగా వస్తారు.

అపోహ: అధ్యక్షుడు పేరు ప్రకటిస్తే పని అయిపోయినట్టే.

అసలు తంటా అక్కడే మొదలవుతుంది. ముందు ఎఫ్‌బీఐ విచారణ, తర్వాత సెనేట్ జ్యుడీషియరీ కమిటీ ప్రశ్నావళి. స్వయంగా నడిపిన పది ముఖ్యమైన కేసులు, రాసిన ప్రతి వ్యాసం, ఇచ్చిన ప్రతి ప్రసంగం, ఆస్తులు, అప్పులు అందులో చూపాలి. చాలామంది తడబడేది ప్రసంగాల జాబితాలో. ఎప్పుడో లా కాలేజీలో మాట్లాడిన వీడియో తర్వాత బయటపడితే, మరిచిపోయామన్నా దాచారనే అంటారు. వెంటనే అనుబంధ లేఖ పంపి దిద్దుకోవాలి.

ఇక బ్లూ స్లిప్. ఆ రాష్ట్ర సెనేటర్లిద్దరికీ కమిటీ పంపే నీలం కాగితం. ఏ చట్టంలోనూ లేని ఆనవాయితీ ఇది. ఇద్దరిలో ఒక్కరు సమ్మతి తెలిపి తిప్పి పంపకపోయినా డిస్ట్రిక్ట్ నామినేషన్ కదలదు. అప్పీళ్ల కోర్టు పేర్ల విషయంలో 2018 నుంచి దీన్ని పక్కనపెట్టారు గానీ, ట్రయల్ జడ్జీల దగ్గర ఇంకా పట్టుంది. అందుకే తెలిసినవాళ్లు వైట్‌హౌస్ కన్నా ముందు సెనేటర్ల ఆఫీసు మెట్లెక్కుతారు. చాలా రాష్ట్రాల్లో సెనేటర్లే స్క్రీనింగ్ కమిటీలు పెట్టి దరఖాస్తులు పిలుస్తారు.

హియరింగ్ కొద్దిసేపే, ఒకే బల్ల దగ్గర నలుగురైదుగురు కూర్చుంటారు. ఆ తర్వాత వచ్చే లిఖిత ప్రశ్నలే ఎక్కువ శ్రమ. కమిటీ ఓటు సాధారణంగా ఒక వారం వాయిదా పడుతుంది. సెనేట్ సభలో 2013 నుంచి సాధారణ మెజారిటీ చాలు. చర్చ ముగింపు ఓటు నెగ్గాక, తుది ఓటుకు ముందు ఉండే 30 గంటల గడువును 2019లో డిస్ట్రిక్ట్ జడ్జీలకు రెండు గంటలకు కుదించారు. ఈలోగా కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) కాలం ముగిస్తే పేరు అధ్యక్షుడికి తిరిగి వెళ్తుంది. మళ్లీ నామినేట్ చేస్తేనే బతుకుతుంది.

అపోహ: జీవితకాల పదవి కాబట్టి తీయలేరు, దిగిపోరు.

అభిశంసనతో తీయవచ్చు. కానీ దేశ చరిత్రలో సెనేట్ దోషిగా తేల్చి తొలగించిన ఫెడరల్ జడ్జీలు ఎనిమిది మందే. వారిలో ఫ్లోరిడా జడ్జి అల్సీ హేస్టింగ్స్‌ను 1989లో తీసేస్తే, 1992లో ప్రతినిధుల సభకే గెలిచి వచ్చారు!

జీతం 2025లో 2,47,400 డాలర్లు. పదవిలో ఉండగా తగ్గించడానికి వీల్లేదు. 65 ఏళ్లకు 15 ఏళ్ల సర్వీసు, లేదా 70కి పదేళ్లు ఉంటే సీనియర్ హోదా తీసుకోవచ్చు. జీతం వస్తుంది, కేసులు తగ్గుతాయి, సీటు ఖాళీ అవుతుంది. ఖాళీ ఎప్పుడు చేయాలో జడ్జి ఇష్టం. కొందరు తమ స్థానంలో వచ్చేవారు ఖరారయ్యాకే దిగుతామని లేఖ రాస్తారు. 2024 అధ్యక్ష ఎన్నికల తర్వాత ఒహాయో, నార్త్ కరొలినాల్లో ఇద్దరు డిస్ట్రిక్ట్ జడ్జీలు సీనియర్ హోదా నిర్ణయాన్ని వెనక్కి తీసుకుని సీట్లలోనే ఉండిపోయారు.